మూడు క్లినిక్‌లు, మూడు మాటలు: డెంటల్ ఇంప్లాంట్ వెనక ఏముంది?

తెనాలిలో ఉండే మా మేనమామకు కింది దవడలో ఎడమవైపు పెద్ద నమిలే పన్ను పోయి రెండేళ్ళయింది. మొదట పిప్పి పట్టింది. రూట్ కెనాల్ చేయించి క్యాప్ వేయించాడు. అయినా చివరికి నిలువునా చీలిపోతే పీకేశారు. అప్పట్నుంచి కుడివైపే నములుతూ నెట్టుకొచ్చాడు. పోయిన సంక్రాంతికి వెళ్తే జేబులోంచి మూడు కాగితాలు తీసి మంచం మీద పరిచాడు. మూడు డెంటల్ క్లినిక్‌లు రాసిచ్చిన అంచనాలవి. ఒకరు పక్క పళ్ళకు ఆనించి కట్టే బ్రిడ్జి అన్నారు, వారం పది రోజుల్లో అయిపోతుందన్నారు. రెండోవాళ్ళు ఇంప్లాంట్ అన్నారు, ఐదారు నెలలు పడుతుందన్నారు. మూడోవాళ్ళూ ఇంప్లాంటే అన్నారు గానీ, మూడు రోజుల్లో పన్ను బిగించి పంపిస్తామన్నారు.

"ఉన్నది ఒకటే నోరు, ఒకటే సందు. ఇన్ని రకాలుగా ఎలా చెప్తార్రా?" అని ఆయన ప్రశ్న.

ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదనే నేననుకుంటున్నాను. ఇంప్లాంట్ వ్యవహారమంతా ఎముక ఒక లోహపు ముక్కను ఎలా పట్టుకుంటుంది, ఎంత కాలంలో పట్టుకుంటుంది, ఎప్పుడు వదిలేస్తుంది అన్న దాని చుట్టూనే తిరుగుతుంది. అది తెలియనంతవరకు ఆ మూడు కాగితాలూ ఒకదాంతో ఒకటి తగాదా పడుతున్నట్టే ఉంటాయి.

ఒకే మాట, మూడు వస్తువులు

ముందు పేర్ల గందరగోళం. క్లినిక్‌లో "ఇంప్లాంట్" అంటే ఒక్కోసారి మొత్తం పన్ను, ఒక్కోసారి అందులో ఒక ముక్క మాత్రమే.

నిజానికి ఉండేవి మూడు ముక్కలు. ఎముక లోపలికి దిగే టైటానియం స్క్రూ మొదటిది. అసలు ఇంప్లాంట్ అంటే ఇదే. పన్ను వేరు స్థానంలో ఉంటుంది. సాధారణంగా 3 నుంచి 6 మిల్లీమీటర్ల లావు, 8 నుంచి 13 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది, అంటే చిటికెనవేలి గోరంత పొడవు. దాని మీద బిగించే చిన్న దిమ్మ రెండోది, అబట్‌మెంట్. చిగురులోంచి పైకి వచ్చి పై పన్నుకు ఆధారంగా నిలబడుతుంది. మూడోది బయటికి కనిపించే పన్ను, మనం క్యాప్ అనేది. అది పింగాణీదో జిర్కోనియాదో అయి ఉంటుంది. కొన్ని క్యాప్‌లను సిమెంట్‌తో అతికిస్తారు. కొన్నిటిని సన్నటి స్క్రూతో బిగించి, ఆ రంధ్రాన్ని పంటి రంగు ఫిల్లింగ్‌తో మూసేస్తారు.

మామయ్య కాగితాల్లో రెండోదాంట్లో ఇంప్లాంట్ ధర ఒక్కటే రాసి, క్యాప్ వేరే అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. మూడోదాంట్లో అన్నీ కలిపేశారు. రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చుకుంటూ ఆయన వారం రోజులు నిద్ర పాడుచేసుకున్నాడు.

పన్నుతో పాటు పోయేది

పన్ను ఎముకలో మేకులా దిగి ఉంటుందని చాలామంది అనుకుంటారు. అసలు పన్ను ఎముకను తాకనే తాకదు. వేరుకూ ఎముకకూ మధ్య సన్నటి నారపొర ఒకటి ఉంటుంది, మందం మిల్లీమీటరులో ఐదో వంతు. పన్ను ఆ నారల మీద ఉయ్యాలలా వేలాడుతుంటుంది. నమిలినప్పుడు కొంచెం కిందికి దిగి మళ్ళీ పైకి వస్తుంది. ఆ నారల్లోనే నరాల కొసలుంటాయి. అన్నంలో చిన్న రాయి తగలగానే దవడ టక్కున ఆగిపోతుంది చూడండి, ఆ కబురు మోసుకెళ్ళేది ఈ పొరే.

పన్ను పీకేస్తే ఈ పొర కూడా పోతుంది. నమిలే ఒత్తిడి అందని ఎముకను ఒళ్ళు కరిగించేసుకుంటుంది. మొదటి ఏడాదిలో దవడ గట్టు వెడల్పు దాదాపు సగం దాకా తగ్గిపోవచ్చు. ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే జరుగుతుంది. ఇది కాకుండా పక్క పళ్ళు ఖాళీలోకి ఒరుగుతాయి, పైన ఎదురుగా ఉన్న పన్నుకు ఆనిక లేక కిందికి దిగుతుంది. "ఇప్పుడు తొందరేముందిలే" అని వాయిదా వేసిన ప్రతి ఏడాదీ తర్వాతి పనిని కాస్త కష్టం చేస్తుంది. రెండేళ్ళు ఆగిన సంగతి మామయ్య స్కాన్‌లో కనిపించింది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

కుందేలు కాలిలో ఇరుక్కుపోయిన టైటానియం

పోయిన పన్ను స్థానంలో మరోదాన్ని దిగ్గొట్టాలన్న కోరిక పాతదే. హోండురస్‌లో దొరికిన మాయా నాగరికత కాలపు దవడ ఎముక ఒకదాంట్లో, ముందు పళ్ళ స్థానంలో గవ్వ ముక్కలు దిగ్గొట్టి ఉన్నాయి. దాని వయసు 1,300 ఏళ్ళ పైమాటే. 1970లో ఎక్స్‌రే తీస్తే ఆ గవ్వల చుట్టూ ఎముక పెరిగినట్టు కనిపించింది. అంటే మనిషి బతికుండగానే పెట్టిన పళ్ళన్నమాట. తర్వాతి కాలంలో బంగారం, ప్లాటినం, స్టీలు రకరకాలుగా ప్రయత్నించారు. చాలావరకు ఎముక వాటిని పరాయివాటిగానే చూసి చుట్టూ మెత్తటి కండపొర అల్లేసింది. అలాంటి పొర ఏర్పడితే ఆ ముక్క ఊగుతుంది, కొన్నాళ్ళకు ఊడుతుంది.

మలుపు 1952లో, స్వీడన్‌లోని లుండ్‌లో వచ్చింది. పెర్-ఇంగ్వార్ బ్రానెమార్క్ పళ్ళ డాక్టర్ కాదు. ఎముకలో రక్తం ఎలా పారుతుందో చూడాలని కుందేలు కాలి ఎముకలో సన్నటి టైటానియం గొట్టాలు అమర్చి, వాటిలోంచి సూక్ష్మదర్శినితో గమనించేవాడు. పరిశోధన ముగిశాక గొట్టం ఖరీదైంది కదా, తీసి మళ్ళీ వాడదామని చూస్తే అది ఎంతకీ ఊడి రాలేదు. ఎముక దాన్ని వదల్లేదు. ఈ పట్టుకే తర్వాత ఆసియోఇంటిగ్రేషన్ అని పేరు పెట్టాడు, ఎముకతో ఏకం కావడమని అర్థం.

1965లో గోథెన్‌బర్గ్‌లో యోస్టా లార్సన్ అనే రోగి దవడలో బ్రానెమార్క్ మొదటిసారి ఈ స్క్రూలు పెట్టాడు. లార్సన్‌కు పుట్టుకతోనే దవడ లోపం, పళ్ళు లేవు. 2006లో చనిపోయేదాకా నలభై ఏళ్ళు ఆ ఇంప్లాంట్లతోనే తిన్నాడు. అయినా దంత వైద్య లోకం పదిహేనేళ్ళకు పైగా దీన్ని అనుమానంగానే చూసింది. లోహం, ఎముక నేరుగా కలవడం అసాధ్యమన్న పాత పాఠం అంత గట్టిది. 1982లో టొరంటోలో జరిగిన సదస్సు తర్వాతే ప్రపంచం తలుపు తీసింది. ఇక్కడో చిన్న విశేషం. ఈ స్క్రూలను వ్యాపారంగా తయారు చేయడానికి బ్రానెమార్క్‌తో చేతులు కలిపిన కంపెనీ బోఫోర్స్. అవును, మనకు ఫిరంగుల పేరుతో గుర్తున్న బోఫోర్సే.

టైటానియమే ఎందుకు? గాలి తగిలిన మరుక్షణం దీని మీద కంటికి కనిపించనంత పలచటి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. దాంతో తుప్పు పట్టదు, ఒంట్లోకి కరగదు. ఎముక కణాలు ఆ పొర మీద హాయిగా స్థిరపడతాయి. శ్రీకాకుళం, భీమిలి తీరపు ఇసుకలో నల్లగా మెరిసే ఇల్మనైట్ ఈ లోహపు ఖనిజమే.

ఎముక లోపల ఏం జరుగుతుంది

ఇంప్లాంట్ పెట్టడమంటే చాలామందికి టెన్షన్. మామయ్య అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే: "గోడకి డ్రిల్లింగ్ చేసినట్టేనా?" కొంత అలాగే, కొంత అందుకు పూర్తిగా భిన్నం.

మత్తు సూది ఇస్తారు, పన్ను పీకినప్పుడు ఇచ్చేదే. చిగురును కోసి పక్కకు తీసి, ఎముకలో సన్నటి డ్రిల్‌తో మొదలుపెట్టి, లావు పెంచుకుంటూ రంధ్రం చేస్తారు. గోడ దగ్గర లేని జాగ్రత్త ఇక్కడుంది: వేడి. ఎముక 47 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్క నిమిషం ఉంటే చాలు, దెబ్బతింటుంది. చచ్చిన ఎముక దేన్నీ పట్టుకోదు. అందుకే డ్రిల్ నెమ్మదిగా తిరుగుతుంటే చల్లటి సెలైన్ ధారగా పోస్తూనే ఉంటారు. నోట్లో చేరే ఆ నీళ్ళను పక్కన అసిస్టెంట్ గొట్టంతో లాగేస్తుంటుంది. ఆ గరగర చప్పుడు వినిపిస్తుంది, అదురు తెలుస్తుంది, నొప్పి మాత్రం తెలియదు. చివర్లో స్క్రూను రాచెట్ అనే రెంచ్‌తో బిగిస్తారు. ఎంత బలంతో బిగిసిందో చూపించే కొలత ఆ రెంచ్ మీదే ఉంటుంది. ఆ అంకె సుమారు 35 న్యూటన్ సెంటీమీటర్లు చూపిస్తే డాక్టర్ ముఖంలో నిశ్చింత కనిపిస్తుంది.

అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. మొదటి రోజు స్క్రూ నిలబడేది కేవలం మరచుట్ల బిగువు మీద, చెక్కలో బిగించిన స్క్రూలాగే. తర్వాతి వారాల్లో ఆ మరచుట్ల అంచున నలిగిన పాత ఎముకను శరీరం తినేస్తుంది, దాని బదులు కొత్త ఎముక వేస్తుంది. పాతది పోవడం ముందు, కొత్తది రావడం వెనక. కాబట్టి మూడు నాలుగు వారాల దగ్గర ఇంప్లాంట్ మొదటి రోజుకన్నా బలహీనంగా ఉంటుంది. బయటికి చిగురు మానిపోయి, నొప్పి తగ్గి, అంతా బాగుందనిపించే సమయం సరిగ్గా అదే. "బాగానే ఉంది కదా" అని జంతికలు కొరికేవాళ్ళు అప్పుడే దెబ్బ తింటారు.

మానుతున్న కాలంలో స్క్రూ కదలకూడదు. మిల్లీమీటరులో పదో వంతు, అంతకు కాస్త అటూ ఇటూ కదిలినా ఎముక బదులు మెత్తటి నారపొర అల్లుకుంటుంది. అలా అల్లుకున్నాక ఇక చేసేదేమీ లేదు, తీసేయాలి. మునుపు కింది దవడకు మూడు నెలలు, పై దవడకు ఆరు నెలలు ఆగమనేవారు. పై దవడ ఎముక మెత్తన కాబట్టి ఆ తేడా. ఇప్పటి స్క్రూల ఒంటిని ఇసుకతో కొట్టి, ఆమ్లంతో కొరికించి గరుకుగా చేస్తారు. ఎముక వాటిని త్వరగా పట్టుకుంటుంది. ఎముక బాగున్నచోట ఇప్పుడు ఆరు నుంచి పన్నెండు వారాలు చాలంటున్నారు.

మూడు రోజుల పన్ను: ఎవరి వాదన ఏమిటి

మరి మూడు రోజుల మాట ఎక్కడిది? ఇందులో రెండు వేర్వేరు సంగతులు కలగలిసి ఉన్నాయి.

మొదటిది, మామూలు ఇంప్లాంట్ మీదే వెంటనే పన్ను పెట్టడం. వారంలోపు పెడితే దాన్ని ఇమ్మీడియట్ లోడింగ్ అంటారు. ఇది మోసమేమీ కాదు, చాలా ఏళ్ళుగా పరిశోధన ఉన్న పద్ధతే. స్క్రూ మొదటి రోజే గట్టిగా బిగిసి ఉండాలి, ఎముక మంచిదై ఉండాలి, పెట్టిన తాత్కాలిక పన్ను ఎదుటి పన్నుకు గట్టిగా తగలకూడదు. ముందు పన్ను పోయి ఆఫీసులో నవ్వలేని కుర్రాడికి ఇది వరమే. అలా పెట్టిన పన్ను చూడ్డానికే, నమలడానికి కాదన్నది మాత్రం ప్రకటనలో కనిపించదు.

పళ్ళన్నీ పోయినవాళ్ళ సంగతి వేరు. పందిరి రాట ఒక్కటే పాతి ఊపితే ఊగుతుంది. నాలుగు రాటలు పాతి పైన అడ్డకర్రలు బిగిస్తే, నేల ఇంకా గట్టిపడకపోయినా ఏ రాటా కదలదు. ఆల్-ఆన్-ఫోర్ అనే పద్ధతి ఇదే. పోర్చుగల్‌కు చెందిన దంతవైద్యుడు పాలో మాలో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. దవడకు నాలుగు ఇంప్లాంట్లు, వెనకవి రెండూ ఏటవాలుగా, వాటన్నిటినీ కలుపుతూ ఒకటే పళ్ళ వరుస. స్క్రూలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి ఆ వరుసను అదే రోజో మర్నాడో బిగించగలుగుతారు.

రెండో సంగతి బేసల్ ఇంప్లాంట్లు. కార్టికల్ అనీ అంటారు. మన ఊళ్ళలో మూడు రోజుల బోర్డులు ఎక్కువగా వీటివే. దవడ ఎముక రొట్టెలాంటిది: పైన గట్టి పెంకు, లోపల గుల్ల. మామూలు స్క్రూ ఎక్కువగా ఆ గుల్ల భాగంలో కూర్చుని ఎముక పెరగడానికి ఎదురుచూస్తుంది. బేసల్ స్క్రూ పొడుగ్గా, సన్నగా, నున్నగా ఉంటుంది. గుల్లను దాటి వెళ్ళి అవతలి గట్టి పెంకును పట్టుకుంటుంది.

దీన్ని సమర్థించేవాళ్ళ మాటలో బలముంది. ఆ లోతు ఎముక పళ్ళు పోయినా అంత తేలిగ్గా కరగదు. ఎముక అరిగిపోయిన పెద్దవాళ్ళకు గ్రాఫ్ట్, అంటే ఎముక పొడి వేసి గట్టు పెంచే పని, లేకుండా, నెలల తరబడి తిరక్కుండా పళ్ళు వస్తాయి. నున్నటి ఒంటి మీద క్రిములు నిలవడమూ తక్కువంటారు. అభ్యంతరం చెప్పేవాళ్ళు అడిగేది సాక్ష్యం. మామూలు ఇంప్లాంట్లకు దశాబ్దాల లెక్కలున్నాయి, వీటికి అంతటి దీర్ఘకాలిక పోలికలు లేవు. పైగా చాలావాటిలో స్క్రూ, అబట్‌మెంట్ ఒకటే ముక్క కాబట్టి పైభాగం పాడైతే మొత్తం తీయాల్సి రావచ్చు. లోతుగా దిగుతాయి కాబట్టి నరానికీ, పై దవడ పైనుండే సైనస్ అనే గాలి గదికీ దగ్గరగా వెళ్తాయి, చేసే చెయ్యి మీద చాలా ఆధారపడి ఉంటుంది.

నాకు తోచింది చెప్పాలంటే, ఈ పద్ధతి బలమంతా స్క్రూలన్నిటినీ కలిపి కట్టడంలోనే ఉంది. పూర్తి దవడకు అది అర్థమవుతుంది. మామయ్యకు కావలసింది ఒక్క పన్ను, అదీ నోరంతటిలో ఎక్కువ బరువు పడే చోట. అక్కడ కలిపి కట్టడానికి రెండో రాట ఏది?

బ్రిడ్జి అంత చెడ్డదా?

ఇంప్లాంట్ల ప్రచారంలో బ్రిడ్జి విలన్ అయిపోయింది, ఇది కొంచెం అన్యాయం. బ్రిడ్జి అంటే ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్ళను చుట్టూ అరగదీసి, మూడు క్యాప్‌లు కలిపి ఒకే ముక్కగా అతికించడం. మధ్యది గాలిలో ఉంటుంది. ఆపరేషన్ లేదు, నెలల నిరీక్షణ లేదు. పక్క పళ్ళకు ఇప్పటికే పెద్ద ఫిల్లింగో రూట్ కెనాలో ఉండి, ఎలాగూ క్యాప్ వేయించాల్సి వస్తే బ్రిడ్జి ఒకే దెబ్బకు రెండు పిట్టలు. పక్క పళ్ళు చెక్కుచెదరకుండా ఉంటే మాత్రం, ఒకదాని కోసం రెండు మంచి పళ్ళను అరగదీయడం మనసొప్పని పని. అరగదీసిన పన్ను మళ్ళీ పెరగదు. బ్రిడ్జి అంచు కింద పిప్పి పడితే మూడూ కలిసి దెబ్బతింటాయి. ఖాళీ కింద ఎముక తరుగుదలనూ బ్రిడ్జి ఆపలేదు.

తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళు అందరికీ తెలిసినవే. పళ్ళన్నీ పోయినవాళ్ళకు అంతగా ప్రచారం లేని మధ్యే మార్గం ఒకటుంది. కింది దవడలో రెండే రెండు ఇంప్లాంట్లు పెట్టి, కట్టుడు పళ్ళ సెట్టును వాటికి గుండీల్లా నొక్కి పెట్టుకోవడం. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు కింది దవడకు మొదట ఆలోచించాల్సింది ఇదేనన్నారు. కింది సెట్టు నాలుక కదిలినప్పుడల్లా లేచిపోయి పచ్చడి మెతుకులతో సరిపెట్టుకునే ముసలివాళ్ళకు, ఖరీదైన పూర్తి వరుసకన్నా ఇది చాలాసార్లు సరిపోతుంది.

మిల్లీమీటర్ల లెక్క

మామయ్య స్కాన్ దగ్గరికొద్దాం. మామూలు ఎక్స్‌రేలో ఎముక ఎత్తు తెలుస్తుంది గానీ వెడల్పు తెలియదు. అందుకే సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ తీస్తారు. ఆయన గట్టు వెడల్పు 6.4 మిల్లీమీటర్లు వచ్చింది. పెద్ద నమిలే పన్నుకు 4.2 మిల్లీమీటర్ల లావు స్క్రూ వేద్దామనుకుంటే, దానికి అటూ ఇటూ కనీసం 1.5 చొప్పున ఎముక మిగలాలి. 4.2కు 3 కలిపితే 7.2. మనకున్నది 6.4. అంటే 0.8 తక్కువ.

అప్పుడు ఉన్న దారులు రెండు. 3.4 లావు స్క్రూ వేస్తే లెక్క 6.4కు సరిగ్గా సరిపోతుంది, కానీ సన్నటి స్క్రూ మీద పెద్ద పన్ను బరువు, పైగా మామయ్యకు నిద్రలో పళ్ళు కొరికే అలవాటు. లేదంటే పక్కన ఎముక పొడి వేసి గట్టును వెడల్పు చేయడం, అంటే బోన్ గ్రాఫ్ట్. రెండో క్లినిక్ కాగితంలో "గ్రాఫ్ట్" అన్న అదనపు పద్దు, అదనపు నెలలు ఎందుకున్నాయో ఇక్కడ తెలిసింది.

గ్రాఫ్ట్ గురించి ఒకమాట. విరివిగా వాడే పొడుల్లో కొన్ని ఆవు ఎముకను శుద్ధి చేసి తయారు చేసినవి. పంది చర్మం నుంచి చేసిన పలచటి పొరలూ ఉన్నాయి. కృత్రిమంగా చేసిన కాల్షియం ఫాస్ఫేట్ రకాలూ దొరుకుతాయి. నమ్మకం, పట్టింపు ఉన్నవాళ్ళు అడిగితే చెప్తారు. అడగకపోతే ఆ ప్రస్తావన రాకపోవచ్చు.

కింది దవడలో ఇంకో హద్దు నరం. ఎముక లోపల గొట్టంలా సాగే ఆ నరానికి 2 మిల్లీమీటర్ల పైనే ఆగాలి. దాన్ని తాకితే కింది పెదవి, గడ్డం తిమ్మిరెక్కి, ఒక్కోసారి అలాగే ఉండిపోతుంది. పై దవడ వెనక భాగంలో హద్దు సైనస్ గది. ఎముక పలచబడితే ఆ గది నేలను పైకి లేపి కింద పొడి నింపుతారు, దాన్నే సైనస్ లిఫ్ట్ అంటారు.

95 శాతం అంటే ఎంత?

పదేళ్ళకు దాదాపు 95 శాతం ఇంప్లాంట్లు నోట్లోనే ఉంటాయన్నది పెద్ద సమీక్షల్లో తరచూ కనిపించే అంకె. మంచి అంకే. దాన్ని చదవడంలో మాత్రం రెండు చిక్కులున్నాయి.

మొదటిది, ఆ అంకె ఒక్కో స్క్రూకి. ఒకాయనకు ఆరు ఇంప్లాంట్లు పెట్టారనుకోండి. ఒక్కోటి నిలిచే అవకాశం 0.95 అయితే, ఆరూ నిలిచే అవకాశం 0.95ను ఆరుసార్లు గుణించగా వచ్చేది: సుమారు 0.735. అంటే ఆరింట్లో ఒకటైనా పదేళ్ళలో పోయే అవకాశం నూటికి 26 పైచిలుకు. ఇది ఒకదానితో ఒకటి సంబంధం లేదనుకుని వేసిన లెక్క. నిజ జీవితంలో వైఫల్యాలు గుంపుగా వస్తాయి: కొందరి నోట్లో ఒక్కటీ పోదు, ఇంకొందరికి ఒకటి పోయాక రెండోది కూడా ప్రమాదంలో పడుతుంది.

రెండోది, నిలవడం వేరు, బాగుండడం వేరు. చుట్టూ ఎముక సగం తరిగి, చిగురు నెత్తురోడుతున్నా స్క్రూ నోట్లో ఉంటే అది "నిలిచిన" లెక్కలోకే వస్తుంది. బాగుందనడానికి గీటురాయి వేరే: కదలకూడదు, నొప్పి ఉండకూడదు, మొదటి ఏడాది తర్వాత ఏటా 0.2 మిల్లీమీటర్లకు మించి ఎముక తరగకూడదు. క్యాప్ లెక్క మళ్ళీ విడి. పింగాణీ పెచ్చు ఊడటం, లోపలి స్క్రూ వదులవడం మామూలే, అవి జరిగినా ఇంప్లాంట్ క్షేమంగానే ఉంటుంది.

పింగాణీ ఎందుకు పెచ్చులూడుతుందంటే, మొదట చెప్పుకున్న నారపొర ఇక్కడ లేదు. అసలు పన్ను ఒత్తిడికి కొంత దిగుతుంది, ఇంప్లాంట్ దాదాపు దిగదు. రాయి తగిలిన కబురు ఎముక ద్వారా వస్తుంది గానీ మందంగా, కాస్త ఆలస్యంగా వస్తుంది. ఎముకతో ఏకమవడం దీని బలం, నారపొర లేకపోవడం దీని లోపం. నిజానికి రెండూ ఒకటే.

పిప్పి పట్టదు, చిగుళ్ళ జబ్బు వదలదు

ఇంప్లాంట్‌కు పిప్పి రాదు. టైటానియాన్ని ఏ క్రిమీ తొలచలేదు. అందుకని బ్రష్ మానేస్తే మాత్రం చుట్టూ గార పడుతుంది. అసలు పన్ను దగ్గర చిగురు నారలు వేరులోకి అడ్డంగా గుచ్చుకుని గట్టి కంచెలా ఉంటాయి. ఇంప్లాంట్ దగ్గర అవి పక్కపక్కనే పడుకుని ఉంటాయి, కంచె పలచన. క్రిములు త్వరగా లోపలికి దిగుతాయి. చిగురు వరకే ఆగితే శుభ్రం చేస్తే తగ్గుతుంది. ఎముకకు పాకితే దాన్ని పెరి-ఇంప్లాంటైటిస్ అంటారు. దాన్ని అదుపు చేయడం కష్టం, చాలాకాలం నొప్పి కూడా ఉండదు. బ్రష్ చేసినప్పుడు నెత్తురు కనిపించడమే తొలి హెచ్చరిక.

పొగతాగేవాళ్ళలో ఇంప్లాంట్లు పోవడం ఎక్కువ. నికోటిన్ వల్ల రక్తనాళాలు ముడుచుకుని ఎముకకు అందాల్సింది అందదు. పై దవడలో ఆ తేడా ఇంకా ఎక్కువ. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మలున్నారు. వాళ్ళకు ఇంప్లాంట్ మాటకు ముందు అంగిలి పరీక్ష అవసరం. షుగర్ ఉంటే పెట్టకూడదన్నది పాత మాట. అదుపులో ఉన్న షుగర్‌తో ఫలితాలు బాగానే ఉంటాయి, మూడు నెలల షుగర్ సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చూసి గాని మొదలుపెట్టరు. ఎముకలు గుల్లబారడానికి బిస్ఫాస్ఫోనేట్ మందులు, ముఖ్యంగా సూదుల రూపంలో తీసుకున్నవాళ్ళకూ, దవడకు రేడియేషన్ ఇచ్చినవాళ్ళకూ మాత్రం దవడ ఎముక మానకుండా పోయే ప్రమాదం నిజమైనది. ఈ సంగతి దంత వైద్యుడు అడగకపోయినా చెప్పాల్సిందే.

సెలవుల క్యాలెండర్, ఒక స్టిక్కర్

డిసెంబర్‌లో డాలస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో వచ్చి హైదరాబాద్‌లో పళ్ళ పని చేయించుకునేవాళ్ళు చాలామంది. అక్కడి ఖర్చుతో చూస్తే విమాన టికెట్టు కూడా కలిసొస్తుందని లెక్క. మూడు వారాల సెలవు అనుకోండి. మొదటి వారం స్కాన్, స్క్రూ. రెండో వారం కుట్లు తీయడం. మూడో వారానికి తిరుగు ప్రయాణం, ఇంప్లాంట్ అతి బలహీనంగా ఉండే రోజులు మొదలయ్యేది అప్పుడే. క్యాప్ కోసం ఇంకోసారి రావాలి. రెండు ప్రయాణాలని మొదటే లెక్కేసుకున్నవాళ్ళకు ఇబ్బంది లేదు. ఒక్క ప్రయాణంలోనే ముగించమని ఒత్తిడి చేసేవాళ్ళ వల్లే తొందర పన్నుకు గిరాకీ.

అక్కడికి వెళ్ళాక స్క్రూ వదులైతే ఇంకో చిక్కు. సాధారణంగా ఒక్కో కంపెనీ ఇంప్లాంట్‌కు లోపలి గాడి ఆకారం వేరు, బిగించే డ్రైవర్ వేరు. ఏ కంపెనీదో, ఏ మోడలో తెలియకపోతే ఎంత మంచి డాక్టరైనా ఎక్స్‌రే చూసి ఊహించాల్సిందే. ఇంప్లాంట్ వచ్చే డబ్బా మీద ఒక చిన్న స్టిక్కర్ ఉంటుంది: కంపెనీ పేరు, సైజు, బ్యాచ్ నంబరు. దాన్ని ఒలిచి పేషెంట్ కార్డు మీద అంటిస్తారు.

మామయ్య గ్రాఫ్ట్‌తో ఇంప్లాంటే వేయించుకున్నాడు. ఇంకా క్యాప్ వేయలేదు, రాత్రిపూట పెట్టుకునే నైట్ గార్డుకు కొలత ఇచ్చి వచ్చాడు. ఆ స్టిక్కర్ కార్డును మాత్రం పొలం పాస్‌పుస్తకం పెట్టుకునే ప్లాస్టిక్ కవర్లో దాచాడు. ఎందుకని అడిగితే, "అదీ సర్వే నంబరు లాంటిదే కదరా" అన్నాడు.